రాని దొరకు రత్నకంబళి

హైదరాబాద్‌లో రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట వైపు ఇప్పుడు కొత్త పౌరోహిత్యం ఒకటి జోరుగా నడుస్తోంది. ఉద్యోగి అలిగి ఇంట్లో కూర్చున్నాడు, బుజ్జగించి ఆఫీసుకు తోలుకురావాలి. గోడకు ఏ రంగు పూయాలో, ఏ మూల ఏ మొక్క పెట్టాలో, కాఫీ మిషన్ ఎటువైపు ఉంటే పని మీద మనసు లగ్నమవుతుందో చెప్పేవాళ్లు దిగారు. ఈశాన్యం పెరగాలి, నైరుతి బరువెక్కాలి అని మన సిద్ధాంతి పంచాంగం తిరగేసి చెప్తే మూఢనమ్మకం అన్నాం. అదే తంతు ల్యాప్‌టాప్‌లో రంగుల బొమ్మలేసి వీళ్లు చెప్తే చదరపు అడుగుకు ఇంతని లెక్కగట్టి చదివించుకుంటున్నాం. సిద్ధాంతి పాపం తాంబూలంలో నూటపదహార్లు పెడితే దీవించి పోయేవాడు.

ఈ కొత్త సిద్ధాంతుల మొదటి సూత్రం ఏమిటంటే, ఆఫీసు ఆఫీసులా కనిపించకూడదు. ఇల్లులా ఉండొచ్చు, కాఫీ హోటల్‌లా ఉండొచ్చు, పార్కులా ఉండొచ్చు. వాటన్నిటిలోకీ బాగా చెల్లుబాటయ్యే సరుకు పల్లెటూరు. క్యాంటీన్ మూలన రెండు ఎద్దుబండి చక్రాలు. దూలానికి వేలాడే లాంతర్లు, లోపల ఎల్‌ఈడీ బల్బులు. గడపలేని గదికి గడప ముగ్గు, అదీ స్టిక్కరే, తుడిచినా పోదు. ఆ పక్కన వరసగా నులక మంచాలు. నులక అని పేరే గానీ అల్లింది నైలాను తాడు. కూర్చుంటే కిర్రుమనదు, ఒరిగితే కుంగదు, నల్లి కుట్టదు. ఇంత సుఖంగా ఉంటే అది నులక మంచం ఎట్లా అవుతుందో ఆ డిజైనరుకే తెలియాలి.

ఆ మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న పిల్లగాడిది గోపాల్‌పేట అనుకుందాం. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో మండల కేంద్రం. నిజాం రోజుల్లో అదొక సంస్థానం, ఇప్పుడు ఇంజనీర్లను ఎగుమతి చేసే ఊళ్లలో అదీ ఒకటి. ఈ పిల్లగాణ్ణి నులక మంచం మీంచి లేపడానికి వాళ్ల నాయిన రెండెకరాల చెలక అమ్మి ఇంజనీరింగ్ చదివించాడు, అమీర్‌పేటలో కోర్సులు చేయించాడు, హాస్టలు ఫీజులు కట్టాడు. తీరా కొలువు దొరికాక కంపెనీ వాళ్లు లక్షలు పోసి అతన్ని మళ్లీ నులక మంచం మీదనే కూర్చోబెట్టారు. చెలక కొన్న ఆసామి దాన్ని ప్లాట్లు చేసి, 'ప్రకృతి ఒడిలో వారాంతపు ఇల్లు' అని అదే పిల్లగాడి ఫోనుకు మెసేజీ పంపుతున్నాడు. మేనేజరుకు ఇదంతా ఎందుకు, హాజరు శాతం పెరిగిందా లేదా అన్నదే ఆయన గోల.

మొక్కల సంగతి చెప్పుకోవాలి. దీనికి బయోఫిలిక్ డిజైన్ అని గంభీరమైన పేరుంది. ప్రాణమున్న వాటి మీద మనిషికి పుట్టుకతోనే మక్కువ ఉంటుందని అమెరికా జీవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1984లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చీమల మీద జీవితకాలం పరిశోధన చేసిన పెద్దమనిషి. ఆ మక్కువను ఎవరో ఒకనాడు కార్పెట్ టైల్స్ పక్కన పెట్టి అమ్ముతారని ఆయన ఊహించి ఉండడు. అమెజాన్ కంపెనీ 2018లో సియాటిల్‌లో అద్దాల గోళాలు కట్టి, వాటిలో 40,000 మొక్కలు నాటి, ఉద్యోగుల్లారా వచ్చి చెట్ల కింద పని చేసుకోండి అంది. అదే కంపెనీ పెద్దాయన ఆండీ జాస్సీ 2024 సెప్టెంబరు 16న ఒక మెయిలు రాశాడు: వచ్చే 2025 జనవరి 2 నుంచి వారానికి ఐదు రోజులూ అందరూ ఆఫీసుకు రావలసిందే. 40,000 మొక్కలు చేయలేని పని ఒక్క మెయిలు చేసింది. మొక్కలకు నీళ్లు పోసినవాడి జీతం అనవసరపు ఖర్చు అన్నమాట.

ఆ కంపెనీదే మన నానక్‌రాంగూడ ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. 2019 ఆగస్టు 21న అక్కడ దాని కొత్త ఆఫీసు తెరిచారు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద ఆ కంపెనీ సొంత భవనాల్లో అదే పెద్దది. 9.5 ఎకరాల్లో 18 లక్షల చదరపు అడుగులు, 15,000 మందికి చోటు, 290 సమావేశ గదులు, సెకనుకో అంతస్తు ఎక్కే లిఫ్టులు 49. ఈఫిల్ టవర్‌కు పట్టినదానికి రెండున్నర రెట్లు ఉక్కు పట్టిందని వాళ్లే గొప్పగా చెప్పుకున్నారు. ఏడు నెలలు తిరిగేసరికి 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చిపడింది. లిఫ్టులు ఉన్నాయి, ఎక్కేవాడు లేడు. అదే ఏడు సెప్టెంబరు 25న దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ఆఫీసులకు త్వరగా చేరడానికి కట్టిన వంతెన, ఆఫీసుకు పోయేవాడే లేని కాలంలో చేతికొచ్చింది. ఉన్న వంతెనను ఖాళీగా ఎందుకు ఉంచాలని జనం దాని మీద సెల్ఫీలు దిగారు. శని, ఆదివారాల్లో బండ్లు ఆపి మరీ దిగనిచ్చారు.

ఇంకో లెక్క కూడా ఆ భవనం గురించే చెప్పారు. 39 నెలల పాటు రోజుకు సగటున 2,000 మంది కూలీలు పనిచేస్తే అది లేచిందట. వాళ్లను రప్పించడానికి ఎవరూ మొక్కలు పెట్టలేదు, ఉయ్యాల కుర్చీలు వేయలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబరు ఉంటుందని మనకు పేరు. ఆ లేబరును పొద్దున్నే పనిలోకి రప్పించడం మీద ఇప్పటిదాకా ఒక్క సెమినారూ జరగలేదు. మేస్త్రీ కేకే వాళ్ల వర్క్‌ప్లేస్ ఎక్స్‌పీరియన్స్.

ఇక లాక్‌డౌన్‌లో గోపాల్‌పేట మిద్దె మీదికి వద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడ మలుపు తిరిగింది. పిల్లగాడు బ్యాగు సర్దుకుని ఊరికొచ్చాడు. ఇంట్లో సిగ్నలు లేదు, మిద్దె మీద పిట్టగోడ మూలన రెండు గీతలు వస్తాయి. బియ్యం బస్తా నిలబెట్టి దాని మీద పీట, పీట మీద ల్యాప్‌టాప్, ఎండ పడకుండా పైన నాయిన గొడుగు. ఫోనును కట్టెకు కట్టి ఆకాశానికి ఎత్తిపెట్టాడు. పక్కన చేటలో వాళ్లమ్మ వరిపిండి వడియాలు ఆరబెట్టింది. అవతల అమెరికాలో క్లయింటు.

"ఏందిరా నాయినా, ఒక్కనివే మాట్లాడుకుంటున్నవ్? గాలి గిట్ల సోకిందా ఏంది?"

"మీటింగుల ఉన్ననే అమ్మా, జర ఆగు."

"మీటింగేంది, మిద్దె మీద ఎవ్వలు లేకపాయె. సరే గని, కాకులొస్తే గా వడియాలు సూడు."

కోడ్ రాశాడు, కాకుల్ని తోలాడు. రెండూ సక్రమంగానే జరిగాయి. క్లయింటు తృప్తిపడ్డాడు, వడియాలు ఎండాయి. మూడు నెలలకోసారి వచ్చే కంపెనీ లాభాల లెక్కలో ఆ బియ్యం బస్తా వల్ల ఒక్క పైసా తగ్గినట్టు ఎవరూ రాయలేదు. మొత్తం పరిశ్రమను కలవరపెట్టింది ఈ ఒక్క సంగతే. పిట్టగోడ పక్కన జరిగే పనికి ఆ 49 లిఫ్టులెందుకని ఎవడైనా అడిగితే జవాబేం చెప్పాలి?

జవాబు కోసం వెతికితే వెంటనే దొరికింది: సంస్కృతి. మనుషులు ఎదురెదురుగా కూర్చుంటేనే ఆలోచనలు పుడతాయట, కాఫీ మిషన్ దగ్గర తగులుకుంటేనే కొత్త ఐడియాలు రాలతాయట. అందుకని గోడలు కూల్చి అంతా ఒకటే హాలు చేయాలట. గోడలు తీసిన ఆఫీసుల్లో ఏం జరిగిందో హార్వర్డ్ వాళ్లు కొలిచి 2018లో ప్రచురించారు. ఉద్యోగుల మెడలో పరికరాలు తగిలించి మరీ కొలిచారు. ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం పడిపోయాయి, మెయిళ్లు పెరిగాయి. పడిపోవా మరి? నలుగురి మధ్య మాట్లాడితే అందరికీ వినపడుతుంది, అందుకని ఎవడి చెవిలో వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మాటల కోసం గోడలు తీస్తే మనిషికో గోడ మొలిచింది. అంతకుముందు 1968లో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే అమెరికన్ డిజైనరు ఉద్యోగికి స్వేచ్ఛ ఇద్దామని కదిలే అడ్డుతెరలు కనిపెడితే, కంపెనీలు లెక్కలేసుకుని వాటిని డబ్బాలుగా బిగించి మనుషుల్ని కుక్కాయి. చివరి రోజుల్లో ఆయన దానికి బాగా బాధపడ్డాడు. అడ్డుగోడలు కట్టినా ఆనందం కోసమే, కూల్చినా ఆనందం కోసమే. ఎవరి ఆనందమో మాత్రం ఏ బొమ్మలోనూ గీయరు.

ఇప్పుడు డబ్బు లెక్క. 2022 జూన్ త్రైమాసికానికి ఇన్ఫోసిస్‌లో ఉద్యోగాలు వదిలిపోయే వాళ్లు 28.4 శాతం. వందలో ఇరవై ఎనిమిది మంది పోతుంటే ఎవడికైనా ప్రేమ పొంగుతుంది. ఆ రోజుల్లో కంపెనీల ఉత్తరాలు పెళ్లి శుభలేఖల్లా ఉండేవి: మీకెట్లా వీలైతే అట్లా, మీకెక్కడ హాయిగా ఉంటే అక్కడ. బీన్ బ్యాగులు ఉబ్బిందీ, పిల్లి బొమ్మల దిండ్లు వచ్చిందీ, మీ పెంపుడు కుక్కను కూడా తెచ్చుకోండి అన్నదీ అప్పుడే. 2024 మార్చి నాటికి అదే కంపెనీలో ఆ శాతం 12.6కు దిగింది. బయట మార్కెట్లో ఉద్యోగాలు లేవు, పోయేవాడికి దారి లేదు. శుభలేఖల భాష మారింది. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి ఐదు రోజులూ రమ్మంది. 2024 ఏప్రిల్‌లో హాజరును జీతానికి ముడేసింది: 60 శాతం కన్నా తక్కువ వస్తే ఆ మూడు నెలల వేరియబుల్ పే సున్నా. ఇన్ఫోసిస్ నెలకు పది రోజులంది. బీన్ బ్యాగులు ఎక్కడివక్కడే ఉన్నాయి, కూర్చునే తీరికే పోయింది.

దీన్నిబట్టి నాకొక సూత్రం తట్టింది. ఏ పెద్ద బడిలోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నా: కుర్చీ మెత్తదనం, కూర్చోనని చెప్పగలిగే శక్తిని బట్టి ఉంటుంది. రాకపోయినా బతకగలవాడికి పరుపు. రాక తప్పనివాడికి బెంచీ. వచ్చి తీరాల్సిన వాడికి నేల.

రానివాణ్ణి రప్పించడానికి అలంకారం చాలదని గ్రహించిన పెద్దలు ఉపదేశాలు కూడా మొదలుపెట్టారు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారి వీడియో బయటికొచ్చింది. ఆయన 90 గంటల దాకా పోయి, ఇంట్లో కూర్చుని పెళ్లాం ముఖం ఎంతసేపు చూస్తారని అడిగారు. ఇంటీరియర్ డిజైనర్లు ఇన్నేళ్లుగా ఆఫీసును ఇల్లంత అందంగా చేయాలని తంటాలు పడుతుంటే, ఆయన ఇంటినే ఆఫీసంత నీరసంగా చూపించి ఒక్క వాక్యంలో పని కానిచ్చారు. ఖర్చు లేని డిజైన్ అది. పాపం, ఇంట్లో వాళ్లు తిరగబడ్డారు గానీ లేకపోతే ఈపాటికి అంతా అమలయ్యేది.

వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేయనిస్తే ఏమవుతుందో చైనాలో ట్రిప్.కామ్ కంపెనీ 1,612 మంది మీద పరీక్షించింది. ఆ ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. పని తగ్గలేదు, ప్రమోషన్లు తగ్గలేదు, రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. మొక్క కొనక్కర్లేదు, గోడ కూల్చక్కర్లేదు. ఇంత చవక వైద్యం ఉంటే రోగి బాగుపడతాడు, డాక్టరు బతికేదెట్లా? అందుకే దాని మాట ఎవరూ ఎత్తరు.

ఇంతా చేసి ఆఫీసు లోపల ఎంత స్వర్గం చేసినా దాని వాకిట్లో ట్రాఫిక్ ఆగిపోయే బయోడైవర్సిటీ చౌరస్తా ఉంది. ఎల్బీనగర్‌లో గది అద్దెకు తీసుకున్నవాడు ఆ స్వర్గం చేరేసరికి సగం రోజు ఆవిరి. 2023 జులై వానలకు సైబరాబాద్ పోలీసులే రంగంలోకి దిగి, కంపెనీలన్నీ ఒక్కసారి వదిలిపెట్టకండి, మూడు గంటలకు కొందర్ని, నాలుగున్నరకు కొందర్ని, ఆరింటి లోగా కొందర్ని పంపండి అని బతిమాలారు. ఆ తర్వాతి వానల్లో, వీలైతే ఇంటి నుంచే చేయించుకోండి అని కూడా సలహా ఇచ్చారు. ఐదు రోజులూ రావాలని హెచ్చార్, రావద్దు మొర్రో అని పోలీసు. మధ్యలో బండి మీద తడుస్తూ మన గోపాల్‌పేట పిల్లగాడు, మెడలో ఐడీ కార్డు, దానికి ప్లాస్టిక్ కవరు. ఆఫీసులో కొత్తగా గోడ మీంచి జారే జలపాతం కట్టించారు. చూసి మనసు తేలిక చేసుకోమన్నారు.

ప్రైవేటు వాళ్లనే ఆడిపోసుకుంటే సర్కారు నొచ్చుకుంటుంది. ఆఫీసు కట్టి మనిషిని రప్పించాలనే ప్రయోగాన్ని తెలంగాణలో అత్యున్నత స్థాయిలోనే చేశారు. సచివాలయానికి రాని ముఖ్యమంత్రి అని కేసీఆర్ గారిని ప్రతిపక్షాలు ఏళ్ల తరబడి దెప్పాయి. పాత భవనానికి వాస్తు బాగాలేదన్న మాట ఊరంతా పాకింది. 2020 జులైలో దాన్ని కూల్చారు. రూ. 600 కోట్లకు పైగా పోసి 265 అడుగుల ఎత్తున కొత్తది లేపి, అంబేడ్కర్ పేరు పెట్టి, 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. ఆరో అంతస్తులో ముఖ్యమంత్రి కొలువుదీరారు. డిసెంబరులో జనం ఆ కుర్చీని ఇంకొకరికిచ్చారు. ఏడు నెలల హాజరుకు అంత పెట్టుబడి పెట్టిన కంపెనీ భూమ్మీద ఇంకోటి లేదు. హాజరయ్యేవాడు మారినా భవనం మాత్రం మిగిలింది, అది మనకు లాభం. కొత్త సర్కారు మనిషిని నమ్మకుండా ముఖాన్ని నమ్మింది. 2024 డిసెంబరు 12 నుంచి సచివాలయ సిబ్బందికి ముఖం చూసి హాజరేసే మిషన్లు పెట్టింది. ఇవి గుమాస్తా ముఖాన్నే గుర్తుపడతాయి, మంత్రుల ముఖాలు వాటికి తెలియవు.

మా వనపర్తికీ అలాంటి భాగ్యం దక్కింది. 2016 అక్టోబరు 11న జిల్లా అయ్యాం, 2022 మార్చి 8న కొత్త కలెక్టరేటు తెరిచారు. అన్ని శాఖలూ ఒకే గొడుగు కింద, విశాలమైన హాళ్లు, చాంబర్లు. అదే రోజు వనపర్తి సభలో కేసీఆర్ గారు నిరుద్యోగులను రేపు పొద్దున పది గంటలకు టీవీ చూడమన్నారు. మర్నాడు అసెంబ్లీలో చెప్పిన సంగతేమంటే, రాష్ట్రంలో 91,142 ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని. నిన్న భవనం తెరిచి, నేడు కుర్చీలు ఖాళీ అని ప్రకటించిన ఆ నిజాయితీకి దండం పెట్టాలి. రప్పించాలంటే ముందు మనిషంటూ ఒకడుండాలని ఇంటీరియర్ డిజైన్ పుస్తకాల్లో ఎక్కడా రాసి ఉండదు.

ఇంటి నుంచి పనిచేయడం సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టారనుకోవడం కూడా వాళ్ల అహంకారమే. కుర్చీ వీపుకు తెల్ల టర్కీ తువ్వాల పరిచిపెట్టి, బల్ల మీద కళ్లజోడు డబ్బా తెరిచిపెట్టి, ఫ్యాను తిరగనిచ్చి మాయమయ్యే విద్య మన మండల ఆఫీసులకు తాతల నాటిది. తువ్వాల ఉంటే సారు వచ్చినట్టు లెక్క. పట్నం నుంచి అప్ అండ్ డౌన్ చేసే సార్లకు బస్సు టైమే ఆఫీసు టైము. పదకొండున్నరకు దిగుతాడు, మూడున్నరకు ఎక్కుతాడు, నడుమ వీడియో కాన్ఫరెన్సు. 'సారేడి?' అని అడిగితే అటెండరు చెప్పే జవాబులు మూడే: మీటింగుల ఉన్నడు, ఫీల్డుకు పోయిండు, సర్వరు డౌనున్నది. మూడోది సారు గురించి కాదు కదా అని అడిగే తెలివి పట్టా పాసుపుస్తకం కోసం వచ్చిన ముసలాయనకు ఉండదు.

నేనొక ప్రతిపాదన చేస్తున్నా. రాయదుర్గం డిజైనర్లను పిలిపించి గోపాల్‌పేట తహసీల్ ఆఫీసును వాళ్లకు ఒప్పజెప్పాలి. ఎర్రగుడ్డలో కట్టిన ఫైళ్ల మూటల మధ్య అక్కడక్కడా మనీప్లాంట్లు వేలాడదీయాలి. సారు చాంబరుకూ జనానికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ ఆఫీసు చేయాలి, ఒక్క ఈ మార్పుకే సగం సమస్యలు తీరొచ్చు, అందుకే ఇది ఒప్పుకోరు. సంతకం పెట్టాక గంట మోగించే ఏర్పాటు ఉండాలి. ఫైలు ఎక్కడ పండుకుందో చూపించే తెర పెట్టాలి. ఆ తెర కింద నిద్రపోతున్న ఫైలు పక్కనే సారు కునుకు తీయడానికి ఒక గుండ్రటి గూడు, దాన్ని న్యాప్ పాడ్ అంటారట. పైసలు చేతులు మారే చోట మసక వెలుతురు, మెల్లగా సంగీతం. లంచం ఎట్లాగూ తప్పదు గనక, ఇచ్చేవాడి ఎక్స్‌పీరియన్స్ అయినా బాగుండాలి.

బయట వేపచెట్టు కింద అర్జీలు రాసేవాడు, జిరాక్సు డబ్బా, చాయ్ బండి ఉంటాయి. అవి అలాగే ఉంచాలి. హైదరాబాద్‌లో లక్షలు పోసి కడుతున్న 'కలిసి మాట్లాడుకునే చోటు' అదే. మన మండలాల్లో పనులన్నీ అయ్యేది అక్కడే, లోపల జరిగేది ముద్ర వేయడం. సంస్థానాల కాలంలో దొర గడీ వాకిట్లో జనం ఎండలో నిలబడేవాళ్లు, దొర నీడలో ఉండేవాడు. ఆ ప్లాను గీసినవాడి పేరు పోయింది గానీ ప్లాను చెక్కుచెదరలేదు. సోమవారం ప్రజావాణికి ఏ కలెక్టరేటుకు పోయినా మెట్ల మీద అర్జీ కాగితం పట్టుకుని కూర్చున్న అవ్వ కనిపిస్తుంది. ఆమెను ఎవరూ ఆకర్షించలేదు. మూడు వారాలుగా తనే వస్తోంది.

చివరాఖరుకు, ఆఫీసే లేని ఆఫీసొకటి మిగిలింది. ఊరవతల కుంటలో పూడిక తీసే ఉపాధి హామీ పని. 2005 నాటి చట్టం పని జరిగే చోట ఏమేం ఉండాలో స్పష్టంగా రాసింది: తాగే నీళ్లు, సేదతీరడానికి నీడ, ప్రథమ చికిత్స పెట్టె, పసిపిల్లల్ని చూసుకునే మనిషి. దేశంలో ఆఫీసు ఎట్లా ఉండాలో పార్లమెంటు కూర్చుని రాసిన డిజైన్ అది. గోపాల్‌పేట అనే ఏముంది, మన దగ్గర ఏ మండలంలోనైనా మే నెల పదింటి పూట ఏ కుంట కట్ట ఎక్కినా తడిపిన తువ్వాల తలకు చుట్టుకున్న ఆడవాళ్లు, పలుగులు, తట్టలు, ఎవరి ఇంటి నుంచి వాళ్లు తెచ్చుకున్న నీళ్ల సీసాలు కనిపిస్తాయి. నీడ అంటే తుమ్మచెట్టు, అదీ ఉంటే. ఆ డిజైన్ సంగతి ఎట్లా ఉన్నా ఒక్కటి మాత్రం తుచ తప్పకుండా అమలైంది: హాజరు. 2023 జనవరి 1 నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి, ఎక్కడ తీశారో ఆ గుర్తుతో సహా ఎక్కించాలని రూలు పెట్టారు. ఒకటి పొద్దున, ఇంకోటి నాలుగు గంటలు పోయాక. పొద్దున ఆరింటికే వచ్చి, ఎండ ముదరక ముందే కొలత పూర్తిచేసినా, రెండో ఫొటో కోసం ఆగాలి. సిగ్నలు లేకపోతే గట్టెక్కి ఫోను ఆకాశానికి ఎత్తాలి, మిద్దె మీద కొడుకు ఎత్తినట్టే. కొడుకు ఎత్తింది జీతం కోసం, తల్లి ఎత్తింది రూ. 307 కోసం. 2025-26 రేటు అది, చేతికందేది కొలతను బట్టి.

మోసం లేదా అంటే ఉంది. ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారనీ, పనికి సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారనీ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జులైలో రాష్ట్రాలకు రాసింది. పట్నంలో బ్యాడ్జి గీకి, కాఫీ తాగి, వెనుక గేటు నుంచి ఇంటికి పోయే సాఫ్ట్‌వేర్ అబ్బాయిల పనికి కాఫీ బ్యాడ్జింగ్ అని ముద్దుపేరు. కుంట దగ్గర అదే పని జరిగితే దానికి అక్రమం అని పేరు, రికవరీ నోటీసు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త పేరుతో కొత్త చట్టం తెచ్చారు, 100 రోజులు 125 అన్నారు. పేరుకు రంగులేయడం కూడా ఇంటీరియర్ డిజైన్ కిందికే వస్తుంది గనక ఇక్కడ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంత పట్టిక రాసుకుని, ఊహలోనే ఒక రాయదుర్గం డిజైనరు గారికి ఫోను చేశా. తహసీల్ ఆఫీసుకు బొమ్మలు పంపిస్తానన్నారు. సారు న్యాప్ పాడ్ ఏ రంగులో కావాలో అడిగారు. ఇంకో చిన్న పని కూడా ఉందండీ అన్నా. కుంట కాడ ఎనభై మంది పనిచేస్తున్నారు, నాలుగు కర్రలూ ఒక పరదా, పక్కన నీళ్ల కుండ, ఏమన్నా చేసి పెడతారా అని అడిగా.

"ఎందుకండీ, వాళ్లు రావడం మానేశారా?"

"లేదండీ. రోజూ వస్తున్నారు."

"ఆరింటికే?"

"ఆరింటికే."

"మరింకెందుకండీ డిజైను?" అని ఆయన ఫోను పెట్టేశారు.